సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ యాత్ర: సన్నాహం, ప్రయాణం, ఆట

బయలుదేరే ముందు

స్కాట్లాండ్ తూర్పు తీరాన ఫైఫ్ ప్రాంతంలో ఉన్న చిన్న ఊరు సెయింట్ ఆండ్రూస్. గోల్ఫ్ ఆడేవారిలో ఆ ఊరి ఓల్డ్ కోర్సు మీద ఒక్కసారైనా అడుగు పెట్టాలని కోరుకోనివారు అరుదు. అయితే కోరిక ఉన్నంత మాత్రాన అక్కడ ఆట దొరకదు; దొరికినా, హైదరాబాదులో ఆడిన తీరులోనే ఆడబోతే ఆ నేల సహకరించదు. అందుకే నేను, మా బావగారు, మా క్లబ్బులో ఆడే ఇద్దరు మిత్రులు కలిసి జూన్ నెల ప్రయాణానికి ముందు ఏడాది దసరా నాటికే లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాము.

విమానం, వీసా, బస అన్నీ టీ టైమ్ (ఆట మొదలుపెట్టడానికి కేటాయించే సమయం) చుట్టూ తిరగాలి గానీ, టీ టైమ్ వాటి చుట్టూ తిరగకూడదన్నది మొదటి నుంచీ నా అభిప్రాయం. ఓల్డ్ కోర్సు ఏ ఒక్క క్లబ్బు సొత్తూ కాదు. అది అందరికీ తెరిచి ఉంచిన కోర్సు. దానినీ, ఊరిలోని మరో ఆరు కోర్సులనూ సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్ట్ నిర్వహిస్తుంది. అక్కడ ఆడాలంటే ముందు ఏడాదే దరఖాస్తు చేసి తేదీ సంపాదించుకోవచ్చు, లేదా టూర్ సంస్థల ప్యాకేజీ కొనుక్కోవచ్చు. ప్యాకేజీలో తేదీ ఖాయమే గానీ, ధర మామూలు రుసుము కన్నా బాగా ఎక్కువ. ఆ మామూలు రుసుమే వేసవిలో మనిషికి 300 పౌండ్లు దాటిపోయింది. ఇవి కాక రోజువారీ బ్యాలెట్ అనే పద్ధతి ఉంది: ఆడదలచుకున్న రోజుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం 2 గంటల లోపు, ఇద్దరు నుంచి నలుగురి దాకా ఉన్న బృందం పేర్లు ఇస్తే, అదే సాయంత్రానికి ఎవరికి ఏ సమయం వచ్చిందో ప్రకటిస్తారు. ఒంటరిగా వెళ్లేవారు ముందు రోజు స్వయంగా వెళ్లి పేరు నమోదు చేసుకుంటే వారికి వేరే లాటరీ ఉంటుంది. 2024కు ముందు అలాంటివారు రాత్రంతా బయట వరుసలో నిలబడి తెల్లవారేదాకా వేచి ఉండేవారు. మేము నలుగురం కాబట్టి బ్యాలెట్‌నే నమ్ముకున్నాము.

బ్యాలెట్‌ను నమ్ముకున్నవారు రోజులను కొంత ఖాళీగా వదలాలి. వారమంతా ముందే బుకింగులతో నింపేస్తే, ఓల్డ్ కోర్సులో పేరు వచ్చిన రోజున మరోచోట కట్టిన డబ్బు పోతుంది. ఆదివారం ఓల్డ్ కోర్సులో ఆట ఉండదు. ఆనాడు అది ఊరివారు కుక్కలతో, పిల్లలతో తిరిగే ఉద్యానవనం. కాబట్టి శనివారం చేరుకుని, మరుసటి శుక్రవారం తిరుగు ప్రయాణమయ్యేలా పెట్టుకున్నాము. సోమవారం మధ్యాహ్నం జూబిలీ కోర్సులోనూ, మంగళవారం పొరుగు ఊరు కార్నూస్టీ కోర్సులోనూ ముందే సమయాలు తీసుకుని, బుధ, గురువారాలను కావాలనే ఖాళీగా ఉంచాము.

కాలం ఎంచుకోవడంలోనూ ఆలోచించవలసినవి ఉన్నాయి. నవంబరు నుంచి మార్చి దాకా ఓల్డ్ కోర్సు ఫెయిర్‌వేలో (గుంట దాకా పొట్టిగా కత్తిరించిన గడ్డి దారిలో) గడ్డి పాడవకుండా బంతిని చిన్న చాప ముక్క మీద పెట్టి కొట్టాలి. రుసుము తక్కువే అయినా అంత దూరం వెళ్లి చాప మీద ఆడడం నాకు సమ్మతం కాలేదు. శరదృతువులో జరిగే డన్‌హిల్ లింక్స్ పోటీ రోజుల్లో కోర్సు మనకు దొరకదు. జూన్‌లో అయితే రాత్రి 10 గంటలకు కూడా వెలుతురు ఉంటుంది. మధ్యాహ్నం 3 గంటలకు మొదలుపెట్టినా తొందర పడకుండా ముగించవచ్చు.

బ్రిటన్ సందర్శక వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా మూడు వారాల్లో నిర్ణయం వస్తుంది. అప్పటికే బస ఖాయమై ఉండాలి కాబట్టి, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే గదులనే తీసుకున్నాము. ఇక అందరూ చివరి నిమిషానికి వదిలేసే కాగితం హ్యాండిక్యాప్ ధ్రువపత్రం, అంటే ఆటగాడి స్థాయిని అంకెలో చెప్పే పత్రం. దేశమంతటా ఇప్పుడు ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతి అమలులో ఉంది. మన క్లబ్బు కార్యదర్శి సంతకంతో, తాజా తేదీతో ఒక ప్రతిని తీసుకుని ఫోన్‌లోనూ, కాగితం మీదా ఉంచుకోవాలి. అది లేకుండా ఓల్డ్ కోర్సు మొదటి టీ (తొలి దెబ్బ కొట్టే చోటు) దగ్గరికి వెళ్లడంలో అర్థం లేదు.

అన్నింటికన్నా ఎక్కువ సమయం పట్టేది శరీరాన్నీ, ఆటనూ ఆ నేలకు తగినట్టు మార్చుకోవడం. ఓల్డ్ కోర్సులో బండి మీద తిరిగే వీలు లేదు, నడవాలి. మన దగ్గర బండి మీద తిరిగే అలవాటు ఉన్నవారు, క్యాడీ చేతికి బ్యాగు ఇచ్చి ఖాళీ చేతులతో నడిచేవారు వరుసగా రెండు రోజులు 18 హోల్స్ (ఒక పూర్తి ఆటలోని గుంటలు) నడిస్తే మూడో రోజు మోకాళ్లు మాట వినవు. మేము వేసవి మొదలయ్యే లోపు వారానికి రెండుసార్లు తేలికపాటి బ్యాగును రెండు భుజాల పట్టీలతో మేమే మోసుకుంటూ ఆడాము. మా బావగారు మొదట విసుక్కున్నారు గానీ, నెల గడిచేసరికి ఆయనే అందరికన్నా ముందు నడవసాగారు.

ఆట విషయానికి వస్తే, హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, మన గాలి వేడిగా, పలుచగా ఉంటుంది. బంతి దూరం పోతుంది. స్కాట్లాండ్ తీరంలో గాలి చల్లగా, చిక్కగా ఉంటుంది కాబట్టి ఇక్కడ 7 ఐరన్ అనే కర్రతో వచ్చే దూరం అక్కడ అంతకన్నా దూరం కొట్టే 6తో గానీ రాదు. గాలి ఎదురైతే 5 కూడా చాలకపోవచ్చు. బంతిని కొంచెం వెనక్కి పెట్టుకుని, ముప్పావు వంతు స్వింగ్‌తో తక్కువ ఎత్తులో కొట్టడం నేర్చుకోవడానికి విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే ఈస్ట్ పాయింట్ క్లబ్బులో రెండు రోజులు ఆడి వచ్చాము. గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నని గడ్డి) బయట నుంచి వెడ్జ్‌తో ఎత్తి వేయడం మానుకుని, ఇరవై ముప్పై గజాల దూరం నుంచి కూడా పుట్టర్‌తో నేల మీదుగా దొర్లించడం సాధన చేశాము. మన బెర్ముడా గడ్డి మీద అది సరిగా కుదరదు, బంతి ఆగి ఆగి పోతుంది. అయినా చేతికి ఆ లెక్క తెలియడం ముఖ్యం.

శుక్రవారం

సామాను సర్దడానికి ఒక పూట పట్టింది. నిబంధన ప్రకారం బ్యాగులో 14 క్లబ్బులకు (బంతిని కొట్టే కర్రలకు) మించి ఉండకూడదు. ప్రయాణానికి అంతకన్నా తగ్గించినా నష్టం లేదు. బంతిని బాగా ఎత్తుకు లేపే లాబ్ వెడ్జ్ ఇంట్లో వదిలేయమని నేను అందరికీ చెప్పాను, ఒకరే విన్నారు. డ్రైవర్ అనే పొడవాటి క్లబ్బు తలను విప్పి తువ్వాలులో చుట్టి విడిగా పెట్టడం, క్లబ్బుల కన్నా కాస్త పొడవుగా ఉండే గట్టి ఊతకర్రను బ్యాగులో నిలబెట్టడం అవసరం. బ్యాగు తలకిందులుగా పడినప్పుడు ఆ దెబ్బను కర్ర భరిస్తుంది. ఒక బంతి దాదాపు 46 గ్రాములు, కాబట్టి రెండు డజన్లు కిలో దాటుతాయి. బంతులు అక్కడ కొనుక్కోవచ్చు, బరువు పరిమితిని వాటితో నింపకూడదు. దూరం కొలిచే పరికరం, పవర్ బ్యాంక్ లాంటి లిథియం బ్యాటరీ వస్తువులు చేతి సంచిలో ఉండాలి. గోల్ఫ్ బూట్లు, ఒక గ్లవ్, వాన జాకెట్ కూడా చేతి సంచిలోనే పెట్టాము. క్లబ్బులు అద్దెకు దొరుకుతాయి గానీ, మన పాదానికి అలవాటైన బూటు దొరకదు.

దుస్తుల విషయంలో మనవాళ్లు స్వెట్టర్లు ఎక్కువ పెట్టుకుని వాన ప్యాంటు మరిచిపోతారు. జూన్‌లో కూడా పగటి ఉష్ణోగ్రత 15 డిగ్రీల ప్రాంతంలోనే ఉంటుంది. గాలి, చినుకు కలిస్తే ఇంకా చలి. పలుచని పొరలుగా వేసుకునే బట్టలు, పైన నీరు చొరని జాకెట్, ప్యాంటు, తడిలో పట్టు ఇచ్చే గ్లవ్స్, ఉన్ని టోపీ చాలు. ఆ గాలిలో గొడుగు పనికిరాదు.

తినుబండారాల గురించి ఇంట్లో చిన్న చర్చ జరిగింది. పాలతో చేసిన మిఠాయిలు, నెయ్యి, మాంసంతో చేసిన పచ్చళ్లు మన దేశం నుంచి బ్రిటన్‌లోకి తీసుకుపోకూడదు. అక్కయ్య ప్రేమగా కట్టిన కోడి పచ్చడిని బావగారు బరువెక్కిన మనసుతో బయటికి తీశారు. కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి మాత్రం వెంట వచ్చాయి.

శంషాబాద్ విమానాశ్రయంలో చెక్-ఇన్‌కు ముందు కస్టమ్స్ అధికారులకు క్లబ్బులు చూపించి, కొనుగోలు రసీదుల ఆధారంగా ఎగుమతి ధ్రువపత్రం రాయించుకున్నాము. తిరిగి వచ్చేటప్పుడు ఇవి విదేశంలో కొన్నవి కావని చెప్పడానికి అదే ఆధారం. దీనికోసం అరగంట ముందుగా చేరుకోవాలి.

శనివారం

గల్ఫ్ మీదుగా ఎడిన్‌బరోలో దిగేసరికి స్థానిక సమయం మధ్యాహ్నం 12 గంటలు. వేసవిలో మన గడియారానికీ వారి గడియారానికీ తేడా నాలుగున్నర గంటలు. ఇమ్మిగ్రేషన్ దాటి, సామాను కోసం నిలబడిన చోటే ఫోన్ తీసి సోమవారం ఆటకు బ్యాలెట్‌లో పేర్లు ఇచ్చాము. గోల్ఫ్ బ్యాగులు మామూలు బెల్టు మీద రావు, పెద్ద సామానుకు వేరే చోటు ఉంటుంది. మూడు బ్యాగులు వచ్చాయి, నాలుగోది విమానం మారే చోటే ఉండిపోయింది. అందులో వేసిన ట్రాకర్ వల్ల అది ఎక్కడుందో ఫోన్‌లో కనబడుతూనే ఉంది. కౌంటరులో ఫిర్యాదు కాగితం రాయించుకుని, బస చిరునామా ఇచ్చి ముందుకు సాగాము. మరునాటి రాత్రికి బ్యాగు ఇంటి దగ్గరికే వచ్చింది.

ఎడిన్‌బరో విమానాశ్రయం నుంచి సెయింట్ ఆండ్రూస్ సుమారు 80 కిలోమీటర్లు. ఊరికి రైల్వే స్టేషన్ లేదు, 1969లో మూసేశారు. రైలులో వచ్చేవారు లూకర్స్‌లో దిగి బస్సు ఎక్కుతారు. సందర్శకులు మన దేశపు డ్రైవింగ్ లైసెన్సుతోనే అక్కడ ఏడాది దాకా నడపవచ్చు, మనలాగే వారూ రోడ్డుకు ఎడమవైపే వెళ్తారు కాబట్టి కారు తీసుకున్నాము. నలుగురు మనుషులకూ నాలుగు గోల్ఫ్ బ్యాగులకూ మామూలు కారు సరిపోదు. పెద్ద వ్యాను, అదీ ఆటోమేటిక్ గేరుది కావాలని ముందే అడగాలి.

సాయంత్రం బ్యాలెట్ ఫలితం చూశాము. సోమవారానికి మా పేర్లు లేవు.

ఆదివారం

ఆట లేని రోజు కోర్సును నడిచి చూడడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు. 1764లో 22 హోల్స్‌ను 18కి తగ్గించింది ఇక్కడే, ప్రపంచమంతా ఆ సంఖ్యనే అనుసరించింది. మొదటి హోల్‌కూ, చివరి హోల్‌కూ మధ్య కంచె లేదు, చెట్టు లేదు, రెండూ కలిసిన ఒకే విశాలమైన మైదానం. దాని మీదుగా ఊరివారి దారి ఒకటి అడ్డంగా పోతుంది. 1, 9, 17, 18 తప్ప మిగతా హోల్స్ అన్నీ రెండేసి చొప్పున గ్రీన్లను పంచుకుంటాయి, అలా పంచుకునే రెండు హోల్స్ సంఖ్యలు కలిపితే 18 వస్తుంది. కోర్సులో 112 బంకర్లు (ఇసుక గోతులు) ఉన్నాయంటారు. వాటిలో చాలా వరకు టీ దగ్గర నుంచి కనబడవు. 14వ హోల్‌లోని హెల్ బంకర్ అంచున నిలబడి కిందికి చూస్తే మన పల్లెల్లోని పాత దిగుడుబావిలోకి తొంగి చూసినట్టే అనిపించింది. ఏ బంకర్ ఎక్కడుందో కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. బుధవారం ఆ కాగితం బాగా పనికి వచ్చింది.

మధ్యాహ్నం కేథడ్రల్ శిథిలాల్లోని శ్మశానవాటికకు వెళ్లాము. ఓల్డ్ టామ్ మోరిస్, ఆయన కుమారుడు యంగ్ టామ్ మోరిస్ ఇద్దరూ అక్కడే ఉన్నారు. తండ్రీ కొడుకులు చెరి నాలుగుసార్లు ఓపెన్ (బ్రిటన్‌లోని ప్రధాన గోల్ఫ్ పోటీ) గెలిచారు; కొడుకు 1875లో 24 ఏళ్లకే చనిపోగా, తండ్రి 1908 దాకా బతికాడు.

సోమవారం

ఉదయం బుధవారానికి బ్యాలెట్ వేశాము. మంగళవారం కార్నూస్టీ ఉంది కాబట్టి ఆదివారం వేయలేదు. మధ్యాహ్నం జూబిలీ కోర్సు. 1897 నాటి ఈ కోర్సు ఊరిలో ఉన్నవాటిలో కష్టమైనదని స్థానికులే అంటారు. మొదటి ఆట ఇక్కడ పెట్టుకోవడం మంచిదైంది, ఎందుకంటే గాలి అంటే ఏమిటో, పొట్టి ఫెస్క్యూ గడ్డి కింద నేల ఎంత గట్టిగా ఉంటుందో తెలిసి వచ్చింది. ఫెయిర్‌వే మధ్యలో పడిన బంతి ఇరవై గజాలు దొర్లి గోర్స్ ముళ్ల పొదల్లోకి పోతుంది. అక్కడ వెతకడానికి నిబంధన ఇచ్చేది మూడు నిమిషాలే, పసుపు పూలు అందంగా ఉన్నాయి కదా అని చెయ్యి పెడితే గీరుకుపోతుంది. మన దగ్గర ముందు నిలబడి బంతి ఎక్కడ పడిందో చూసి చెప్పే మనిషి ఉంటాడు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు, కొట్టినవారే బంతి మీద చూపు నిలపాలి.

సాయంత్రం ఫలితం వచ్చింది: బుధవారం మధ్యాహ్నం 1 గంట దాటాక మా నలుగురికీ సమయం. బావగారు వెంటనే అక్కయ్యకు ఫోన్ చేశారు, అక్కడ అర్ధరాత్రి అవుతోందన్న సంగతి ఆయనకు గుర్తు లేదు.

మంగళవారం

టే నది మీది రోడ్డు వంతెన దాటి, డండీ మీదుగా కార్నూస్టీకి ముప్పావు గంట ప్రయాణం. కొంత దూరంలో రైలు వంతెన కనబడుతుంది. 1879 డిసెంబరు 28న తుఫానులో రైలుతో సహా కూలిన పాత వంతెన స్తంభాల మొదళ్లు ఇప్పటికీ నీటిలో ఉన్నాయి. డండీ ఒకప్పుడు బెంగాల్ నుంచి వచ్చిన జనపనారతో బతికిన ఊరు. నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లుల పరిసరాల్లో పెరిగిన మా మిత్రుడొకరు తిరుగు దారిలో అక్కడి పాత మిల్లు ప్రదర్శనశాల, వర్డెంట్ వర్క్స్ చూడాలని పట్టుబట్టారు. ఆ గంట వృథా కాలేదు.

కార్నూస్టీ కఠినమైనది. చివరి హోల్‌లో బ్యారీ బర్న్ అనే వాగు మెలికలు తిరిగి అడ్డం వస్తుంది. 1999 ఓపెన్‌లో జాన్ వాన్ డ వెల్డ్ అక్కడ ఆరు దెబ్బల్లో ముగిస్తే గెలిచేవాడు, ఏడు పట్టి, ప్లేఆఫ్‌లో పాల్ లారీ చేతిలో ఓడిపోయాడు. ఇది తెలిసి కూడా మాలో ముగ్గురం ఆ వాగులో బంతులు వేశాము. ఇక్కడికి వచ్చేవారు స్కోరు పట్టుకు వేలాడకుండా హోల్‌కు ఇన్ని పాయింట్లని లెక్కించే స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతిలో ఆడుకుంటే మంచిది. పాడైన హోల్‌ను వదిలేసి బంతి జేబులో వేసుకోవచ్చు, వెనక వచ్చేవారికీ ఇబ్బంది ఉండదు. 18 హోల్స్ నాలుగు గంటల లోపు ముగించాలని ఇక్కడివారు ఆశిస్తారు, మన దగ్గర ఆదివారాలు ఐదు గంటలు పట్టే సంగతి చెబితే నమ్మలేదు.

బుధవారం

క్యాడీలను ముందు రోజే అడిగి పెట్టుకున్నాము. వారి రుసుము, దాని మీద ఇచ్చే బహుమానం చేతికి నగదుగా ఇవ్వాలి కాబట్టి పౌండ్లు దగ్గర ఉండాలి. స్కాట్లాండ్ బ్యాంకులు సొంత నోట్లు ముద్రిస్తాయి. అవి మన దేశంలో మార్చుకోవడం కష్టం, మిగిలినవాటిని అక్కడే ఖర్చు చేసేయడం మేలు.

ఓల్డ్ కోర్సులో క్యాడీ విలాసం కాదు, అవసరం. ఎక్కడికి కొట్టాలో కంటికి తెలియదు. మా క్యాడీ, ఆ ఊరిలోనే పుట్టిన పెద్దాయన, ప్రతి టీ దగ్గరా దూరాన ఒక చర్చి శిఖరాన్నో, హోటల్ కిటికీనో చూపించి "దాని ఎడమ అంచు మీదికి కొట్టండి, మిగతాది నేల చూసుకుంటుంది" అనేవాడు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ప్రమాదమంతా కుడివైపే, అనుమానం వస్తే ఎడమకే అన్నది ఆయన సూత్రం. విశాఖపట్నంలో నేర్చుకున్న తక్కువ ఎత్తు దెబ్బలు ఇక్కడ ఫలించాయి. 40 గజాల నుంచి పుట్టర్‌తో దొర్లించిన నా బంతి 5వ హోల్ గ్రీన్ మీద ఏటవాలు ఎక్కి దిగి జెండా పక్కన ఆగింది. లాబ్ వెడ్జ్ తెచ్చుకున్న ఇద్దరూ దాన్ని బయటికి తీయలేదు. 11వ హోల్‌కు వచ్చేసరికి వాన మొదలైంది, వాన ప్యాంటు వేసుకోవడానికి ఒక నిమిషం, దాన్ని నిబ్బరంగా మరిచిపోవడానికి మరో హోల్.

17వ హోల్‌లో డ్రైవ్ హోటల్ ఆవరణలోని షెడ్ల మీదుగా పోవాలి, గ్రీన్ వెనక తారు రోడ్డు, దాని అవతల రాతి గోడ. నేను ఏడు దెబ్బలు కొట్టాను, ఏ మాత్రం విచారించలేదు. 18లో స్విల్కన్ వంతెన మీద ఫోటో దిగడానికి అందరూ ఆగుతారు, వెనకవారికి ఆలస్యం కాకుండా ఇద్దరిద్దరుగా దిగాలి. గ్రీన్ ముందున్న వ్యాలీ ఆఫ్ సిన్ అనే పల్లంలోంచి బావగారు రెండు పుట్టింగులతో పార్ (ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల సంఖ్య) సాధించారు. రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న అపరిచితులు చప్పట్లు కొట్టారు; ఆయన తలపాగా దించిన రాజులా టోపీ తీసి వంగారు.

గురువారం

ఉదయం న్యూ కోర్సు. పేరు కొత్తదే గానీ, 1895 నాటిది, ఓల్డ్ టామ్ మోరిస్ వేసినది. నా అభిప్రాయంలో ఈ ఊరిలో డబ్బుకు తగిన ఆట ఇదే. సాయంత్రం హిమాలయాస్ అనే పుట్టింగ్ మైదానానికి వెళ్లాము. 1867 నాటి స్త్రీల క్లబ్బు అది, కొద్ది రుసుముతో ఎవరైనా ఆడవచ్చు. గుట్టలు, పల్లాలతో నిండిన ఆ గడ్డి మీద ఒక ఆరేళ్ల పాప మా అందరినీ ఓడించింది. గోల్ఫ్ ఆడని కుటుంబ సభ్యులను తీసుకువెళ్లేవారు ఈ చోటును తప్పకుండా కార్యక్రమంలో చేర్చుకోవాలి.

శుక్రవారం

క్లబ్బుల గ్రిప్పులనూ, తలలనూ తడి గుడ్డతో తుడిచి, బూట్ల అడుగున ఉన్న మట్టి, గడ్డి కడిగి, రాత్రంతా ఆరబెట్టాకే సర్దాము. తడి సామాను రెండు రోజులు మూసి ఉంటే వాసన పడుతుంది, బరువూ పెరుగుతుంది. హైదరాబాదులో కస్టమ్స్ దగ్గర ఒక బ్యాగు తెరవమన్నారు, ఎగుమతి ధ్రువపత్రం చూపించగానే పంపించారు. 2027లో వెళ్లదలచినవారు ఒక విషయం గమనించాలి: 2027 జూలైలో ఓపెన్ ఓల్డ్ కోర్సులోనే జరుగుతుంది, ఆ పోటీకి ముందూ వెనకా కోర్సు సందర్శకులకు మూసి ఉంటుంది, ఊరిలో గదుల ధరలూ ఆకాశాన్ని అంటుతాయి. మే నెలకో, సెప్టెంబరు మొదటి వారాలకో తేదీలు చూసుకుని, ముందుగా ట్రస్ట్ ప్రకటించే ఆట రోజుల పట్టికను సరిచూసుకున్నాకే విమానం టికెట్లు కొనాలి.